పీపాలో మాగిన పండ్ల బీరు: రుచి చూసే పద్ధతి

మామిడి వేశారంటే మామిడి రసంలా ఉంటుందని ఎదురుచూసేవాళ్లే ఈ బీరు దగ్గర ఎక్కువగా నిరాశపడతారు. పండును బీరుతో కలిపి నెలల తరబడి పీపాలో ఉంచితే పండులోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాలుగా, గ్యాసుగా మారిపోతుంది. తీపి పోతుంది. పులుపు, వగరు, తొక్క వాసన, టెంక వాసన మిగులుతాయి. అందుకే గ్లాసులో తగిలిన ప్రతి వాసననూ, ప్రతి రుచినీ పట్టుకుని ఒకే ప్రశ్న వేయాలి: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పండు నుంచా, పీపా చెక్క నుంచా, పులియబెట్టిన ఈస్ట్, బ్యాక్టీరియాల నుంచా, గాలి తగిలి పాతబడటం వల్లా? ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పగలిగితే రుచి చూడటం వచ్చినట్టే.

చిత్తూరు, తిరుపతి వైపు పెరిగినవాళ్లకు ఇందులో సగం శిక్షణ ఇంట్లోనే అయిపోయి ఉంటుంది. చింతపండు పులుపు వేరు, పులిసిన పెరుగు వేరు, తోతాపురి పచ్చికాయ వేరు అని ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. మిగిలిన సగం కోసమే ఈ వివరాలన్నీ.

సీసాలో ఏముందో ముందు తెలియాలి

ఈ తరహా బీర్లకు పుట్టిల్లు బెల్జియం. బ్రస్సెల్స్, దాని పక్కనున్న పల్లెల్లో చేసే లాంబిక్ అనే బీరులో బార్లీ మాల్టుతో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు 30–40 శాతం మొలకెత్తించని గోధుమ ఉంటుంది. ఉడికించిన ద్రవాన్ని వెడల్పాటి లోతులేని తొట్టిలో రాత్రంతా ఆరబెడతారు. గాలిలోని ఈస్ట్, బ్యాక్టీరియాలే దాన్ని పులియబెడతాయి. తర్వాత ఓక్ చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు. అందులో పుల్ల చెర్రీలు వేస్తే క్రీక్, రాస్ప్‌బెర్రీలు వేస్తే ఫ్రాంబ్వాజ్. పాత పద్ధతి క్రీక్‌లో లీటరుకు సుమారు 200 నుంచి 300 గ్రాముల చెర్రీలు, టెంకలతో సహా పడతాయి. బ్రస్సెల్స్‌లో 1900లో మొదలైన కాంటియాన్ ఈ పద్ధతిని ఇప్పటికీ నడుపుతోంది. ఫ్లాండర్స్ ఎర్ర బీరు ఇంకో దారి. రూసెలారే పట్టణంలో 1821 నుంచి ఉన్న రోడెన్‌బాఖ్ దీనికి పేరుపొందింది. అక్కడ మనిషికన్నా ఎత్తైన ఓక్ తొట్లలో మాగబెడతారు, వెనిగర్ ఛాయ కొంచెం ఉండటం అక్కడ సహజం. అమెరికాలో వైన్ పీపాల్లో చెర్రీలతో మాగబెట్టినవీ, బర్బన్ విస్కీ పీపాల్లో పండు వేసి ఉంచిన స్టౌట్ అనే నల్లటి బీర్లూ ఉన్నాయి.

లేబుల్ మీద రెండు మాటలు చూడండి. 'ఔడ్ క్రీక్' అని ఉంటే అది తీపి కలపని, పూర్తిగా సహజంగా పులిసిన రకం. యూరప్‌లో ఆ పేరుకు చట్టరక్షణ ఉంది. ఉత్త 'క్రీక్' అని ఉంటే చక్కెరో, తీపి రసమో కలిపి ఉండవచ్చు. రెండూ మంచివే. కానీ ఒకటి అనుకుని ఇంకొకటి తెరిస్తే అంచనా మొత్తం తప్పుతుంది. రెండోది ఆల్కహాలు శాతం. పుల్లటివి ఎక్కువగా 5 నుంచి 8, బర్బన్ పీపా స్టౌట్‌లు 10 నుంచి 14 వరకు ఉంటాయి. 10 శాతం బీరు 300 మి.లీ. తాగితే, 5 శాతం ఉన్న 650 మి.లీ. మామూలు సీసా తాగినప్పుడు వెళ్లేదానికి దాదాపు సమానమైన ఆల్కహాలు ఒంట్లోకి వెళుతుంది.

'పీపాలో మాగింది' అంటే చెక్క రుచి తప్పకుండా ఉంటుందని అనుకోకూడదు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. అందువల్ల ఒకసారి వాడిన 200 లీటర్ల పీపాలు మార్కెట్లోకి వస్తాయి, వాటిలో వెనీలా, కొబ్బరి, కాలిన పంచదార, విస్కీ ఇంకా దండిగా ఉంటాయి. ఆ పీపానే మూడు నాలుగు సార్లు తిరిగి వాడితే ఆ సరుకంతా కారిపోయి ఉత్త చెక్క మిగులుతుంది. లాంబిక్ పీపాలు ఎక్కువగా ఇలాంటివే. అక్కడ పీపా పని రుచి ఇవ్వడం కాదు, సూక్ష్మజీవులకు ఇల్లుగా ఉంటూ చెక్క సందుల్లోంచి గాలిని అతి నెమ్మదిగా లోపలికి వదలడం. కాబట్టి క్రీక్‌లో వెనీలా కోసం వెతికి, లేదని మార్కులు తగ్గించడం అన్యాయం.

చిత్తూరు వాళ్లకు ఇలాంటివి దొరికే దగ్గరి చోటు బెంగళూరు బ్రూపబ్‌లు, అంటే బీరును అక్కడే తయారుచేసే పబ్బులు. మామిడి సీజన్లో మామిడి బీర్లు అక్కడ తరచూ వస్తుంటాయి. వాటిలో పీపాలో మాగినవి తక్కువ, స్టీలు ట్యాంకులో చేసినవే ఎక్కువ, అడిగి తెలుసుకోండి. అక్కడే రుచి చూసి బస్సులోనో రైల్లోనో తిరిగి రావడం అన్నిటికన్నా సుఖం. సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే రాష్ట్రం దాటించడంపై ఎక్సైజ్ నిబంధనలు ముందే చూసుకోవాలి. కారులో సీసా ఉండగా తిరుమల కొండెక్కే ఆలోచన అసలు వద్దు. కొండపైన మద్యం నిషేధం, అలిపిరి దగ్గర ప్రతి బండినీ తనిఖీ చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తాగడానికి చట్టబద్ధమైన వయసు 21.

ముందురోజు వంటింట్లో సాధన

సీసా తెరవడానికి ఒకరోజు ముందు ఓ అరగంట ఈ పని చేస్తే మరుసటి రోజు మాటలు వాటంతటవే వస్తాయి. దీన్ని వదిలేసి నేరుగా గ్లాసు దగ్గర కూర్చుంటే 'పుల్లగా ఉంది, బాగుంది' దగ్గరే ఆగిపోతారు.

పులుపులతో మొదలుపెట్టండి. నాలుగు గాజు గ్లాసులు తీసుకుని ఒక్కో దానిలో ఒక్కో పులుపు కలపండి. మొదటి దానిలో పెరుగు మీద తేరిన నీళ్లు 50 మి.లీ., మంచినీళ్లు 50 మి.లీ. ఇది లాక్టిక్ ఆమ్లం, మెత్తగా నోరంతా పరుచుకునే పులుపు. రెండో దానిలో 200 మి.లీ. నీళ్లకు 4 శాతం తెల్ల వెనిగర్ ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇది ఎసిటిక్, మింగకముందే ముక్కులో గుచ్చుతుంది. ఈ కొలతలో లీటరుకు సుమారు ఒక గ్రాము ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది.  మూడో దానిలో 200 మి.లీ. నీళ్లకు రెండు టీస్పూన్ల నిమ్మరసం. పళ్ల మొదట్లో జిల్లుమనిపించే సిట్రిక్ పులుపు ఇది. నాలుగో దానిలో 5 గ్రాముల చింతపండు 200 మి.లీ. నీళ్లలో పావుగంట నానబెట్టి వడకట్టిన రసం. ఇది టార్టారిక్, ద్రాక్షలోనూ ఇదే ఉంటుంది కాబట్టి ద్రాక్ష వేసిన బీరు, వైన్ పీపా బీరు తాగేటప్పుడు పనికొస్తుంది. నాలుగూ చల్లబరిచి, కళ్లు మూసుకుని, ఇంకొకరు అందిస్తుంటే ఏది ఏదో చెప్పండి. వెనిగర్‌నూ పెరుగు తేటనూ తప్పు లేకుండా వేరుచేయగలిగేదాకా ముందుకు వెళ్లొద్దు. బీరులో ఇవి రెండూ కలిసే ఉంటాయి, పెరుగు తేట పులుపు మంచి పులిసే పద్ధతికి గుర్తు, వెనిగర్ ఎక్కువైతే పీపాలోకి గాలి చొరబడిందని గుర్తు.

వగరుకు టీ పొడిని పాలూ చక్కెరా లేకుండా ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చిన డికాషన్ చాలు. ఒక గుక్క తీసుకుని నాలుకను చిగుళ్ల మీద తిప్పి చూడండి. టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల తడి ఆరిపోయినట్టు అవుతుంది. ఓక్ చెక్క, చెర్రీ తొక్క, నేరేడు పండు అన్నీ ఈ వగరే ఇస్తాయి. పులుపు తోడైతే వగరు ఇంకా పెరుగుతుంది.

చెక్క వాసనలు ఇక్కడి ఇళ్లలో ఉన్నవే. ఎండు కొబ్బరి ముక్కను పెనం మీద లేతగా వేయించి వాసన చూడండి. ఓక్‌లోని లాక్టోన్లు ఈ వాసనే ఇస్తాయి, అమెరికన్ ఓక్‌లో ఇవి బాగా ఎక్కువ. గోరువెచ్చని పాలలో వెనీలా ఎసెన్స్ ఒక్క చుక్క. కాల్చిన చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి పుట్టేది ఈ వెనిలినే. ఒక లవంగం నలిపి వాసన చూడండి, అందులోని యూజెనాల్ ఓక్‌లోనూ ఉంటుంది. కొబ్బరి చిప్పను ఒక క్షణం మంట మీద పెట్టి తీస్తే వచ్చే పొగ, బాగా కాల్చిన పీపాకు గుర్తు.

ఇప్పుడు మామిడి. ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లు 'మామిడి వాసన' అని ఊరుకోకూడదు. దామలచెరువు మండీలో ఒక రోజు తిరిగితే చాలు, ఏ కాయకు ఏ వాసనో ముక్కుకు తెలిసిపోతుంది. పల్పు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురిలో వాసన తక్కువ, పులుపు చురుకు ఎక్కువ. బేనీషా (బంగినపల్లి) తియ్యగా మెత్తగా ఉంటుంది. నీలం పండు వాసన గదంతా నిండుతుంది. రకం తర్వాత అది ఏ స్థితిలో ఉందో చెప్పాలి: పచ్చికాయా, దోరకాయా, పండా, మెత్తబడి పులుపెక్కిన పండా, మామిడి తాండ్రా, ఎండబెట్టిన ఒరుగా? బీరులో పండు చాలాసార్లు తాండ్రలాగో, దోరకాయలాగో తేలుతుంది. వేడిచేసి నింపిన గుజ్జు వాడితే ఉడికించిన పండు ఛాయ వస్తుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. తోతాపురి పచ్చికాయ తొడిమ తుంచి, బొట్టుగా కారే సొనను దూరం నుంచి వాసన చూడండి, చర్మానికి తగలనివ్వొద్దు, పొక్కుతుంది. ఆ జిగురు ఘాటు టెర్పీన్లు అనే వాసన పదార్థాలది. అందులోని మిర్సీన్ అనే పదార్థమే బీరుకు చేదు ఇచ్చే హాప్స్ పువ్వులోనూ ఉంటుంది. కాబట్టి మామిడి వేయని బీరులో కూడా హాప్స్ వల్ల పచ్చి మామిడి తొడిమ వాసన రావచ్చు, దాన్ని పండు ఖాతాలో రాయకూడదు. అలాగే పండిన మామిడిలోనూ లాక్టోన్లు ఉంటాయి. కొబ్బరి ఛాయ తగిలితే అది పీపాదా పండుదా అని ఒకసారి ఆగి ఆలోచించాలి. వెనక వెనీలా, లవంగం కూడా ఉంటే పీపాది.

చెర్రీ విషయంలో ఒక హెచ్చరిక. మన బేకరీల్లో కేకు మీద పెట్టే ఎర్ర 'చెర్రీ' చాలాచోట్ల వాక్కాయను రంగులో, పాకంలో ఊరబెట్టి చేసినది. దాన్ని గుర్తుపెట్టుకుని క్రీక్ దగ్గరికి వెళితే ఏమీ దొరకదు. దానికన్నా రంగు వేయని పండిన వాక్కాయ, మన వైపు కలేకాయ అనేది, తొక్కతో నమిలితే క్రీక్ పులుపుకూ వగరుకూ చాలా దగ్గర. దానితో పాటు బాదం ఎసెన్స్ ఒక చుక్క నీళ్లలో కలిపి వాసన చూడండి. చెర్రీ టెంకలు బీరులో నానడం వల్ల బెంజాల్డిహైడ్ వస్తుంది, అచ్చం ఆ వాసనే. టెంకలతో వేసిన క్రీక్‌ను గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు.

గది, గ్లాసు, చల్లదనం

వంటింట్లో తాలింపు వేసిన గంటలో, పూజ గదిలో అగరొత్తులో కర్పూరమో వెలుగుతుండగా, మల్లెపూలు పెట్టుకున్నవాళ్లు పక్కనుండగా వాసన చూడటం దండగ. చేతికి ఇంగువ, వెల్లుల్లి అంటి ఉన్నా అంతే, ఎందుకంటే గ్లాసు ముక్కు దగ్గరికి వచ్చేటప్పుడు చేయి కూడా వస్తుంది. పళ్లు తోముకుని గంట దాటాలి. ఊరగాయ తిన్నా, వక్క నమిలినా రెండు గంటలు ఆగాలి.

గ్లాసు కింద బొద్దుగా, పైన కొంచెం ముడుచుకుని ఉండాలి. ట్యూలిప్ గ్లాసు లేకపోతే వైన్ గ్లాసు, అదీ లేకపోతే బ్రాందీ గ్లాసు. నిటారు గ్లాసులో వాసన నిలవదు. సబ్బు బిళ్లతో తోమిన గ్లాసులో జిడ్డు, సబ్బు పొర మిగిలి నురగను చంపేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో మూడుసార్లు కడిగి, ఫిల్టరు నీళ్లతో ఆఖరిసారి తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఫిల్టరు నీళ్ల దశ వదలకూడదు. మరకలు పడిన గ్లాసులో బుడగలు గోడకు అంటుకుని కనిపిస్తాయి.

పుల్లటివి 8 నుంచి 12 డిగ్రీల మధ్య, బలమైన స్టౌట్‌లు 12 నుంచి 14 మధ్య బాగుంటాయి. పబ్బుల్లో ఇచ్చే 3–4 డిగ్రీల చల్లదనంలో వాసనలు ముడుచుకుపోతాయి. పులుపు, వగరు మాత్రం పదునుగా తెలుస్తాయి. చల్లని దేశాల పుస్తకాల్లో 'ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట పెట్టండి' అని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో గది లోపలే 36–38 డిగ్రీలు ఉంటే ఆ అరగంటలో బీరు మరీ వెచ్చబడిపోవచ్చు. ఇక్కడ చేయాల్సింది వేరు. సీసాను ఫ్రిజ్ నుంచి తీసి, గిన్నెలో నీళ్లు, నాలుగైదు ఐసు ముక్కలు వేసి అందులో నిలబెట్టండి. ఒక్కోసారి 60 మి.లీ. మాత్రమే గ్లాసులో పోసుకోండి. ఆ కాస్త బీరు అరచేతి వెచ్చదనానికే నిమిషాల్లో కావలసిన వేడికి వస్తుంది. వంటింటి థర్మామీటరు ఉంటే ఒకసారి ముంచి చూసుకుంటే అంచనా కుదురుతుంది. ఏసీ ఉంటే 24–25లో పెట్టి, గాలి నేరుగా గ్లాసుల మీదికి రాకుండా చూసుకోండి.

నలుగురికి 750 మి.లీ. సీసా ఒకటి సరిగ్గా చాలుతుంది. మనిషికి మూడుసార్లు 60 మి.లీ. చొప్పున 720 అవుతుంది. మిగిలిన 30 మి.లీ.లో మడ్డి ఉంటుంది. ఒకేరోజు నాలుగు రకాలకు మించి పెట్టుకోవద్దు. ఐదో గ్లాసుకు వచ్చేసరికి నాలుక పులుపుకు మొద్దుబారిపోతుంది.

తెరవడం, పోయడం

బస్సులోనో కారులోనో కుదిలిన సీసాను ఫ్రిజ్‌లో రెండు రోజులు నిటారుగా ఉంచండి. పడుకోబెడితే మడ్డి పక్కకు పేరుకుని పోసేటప్పుడు కలిసిపోతుంది. పండ్ల బీరులో గుజ్జు రేణువులు గ్యాసు బుడగలు పుట్టడానికి ఆధారమవుతాయి. సీసాలో పులియడం ఇంకా సాగుతుంటే ఒత్తిడీ ఎక్కువగా ఉంటుంది. అందుకే బాగా చల్లగా ఉన్నప్పుడే, సింకు పక్కన, మూతిని మనిషి వైపు కాకుండా పెట్టి తెరవాలి. కార్కు ఉన్న సీసాకు తీగను వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు కార్కు మీదే ఉంచి, కార్కును కదలనీయకుండా సీసాను తిప్పండి. పొంగితే మూసే ప్రయత్నం చేయకుండా పెద్ద గిన్నెలోకి వంపండి.

గ్లాసును 45 డిగ్రీలు వంచి గోడ వెంట పోసి, చివర్లో నిటారుగా చేయాలి. నురగ నిమిషంలోపే కరిగిపోయినా లోపం అనుకోవద్దు. పుల్లటి బీర్లలో ఆమ్లం, ఏళ్ల తరబడి సాగిన పులియడం వల్ల నురగను నిలబెట్టే ప్రొటీన్లు తగ్గిపోతాయి. రంగు చూడండి. చెర్రీ, నేరేడు రంగులు ఆమ్లంలో ఎరుపుగా నిలుస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఇటుక రంగుకు, ఆ తర్వాత గోధుమ రంగుకు దిగుతాయి. మామిడి బీరు మబ్బుగా పసుపుగా ఉంటుంది. మరీ మెరిసే నారింజ రంగు కనిపిస్తే లేబుల్లో రంగు కలిపారేమో చదవండి.

ముక్కు, తర్వాత నోరు

పోసిన వెంటనే గ్లాసు తిప్పకుండా మూడు చిన్న శ్వాసలు. తేలికగా ఎగిరిపోయే వాసనలు ఆ మొదటి అరనిమిషంలోనే ఉంటాయి: కొత్త పండు, గంధకపు ఛాయ, కొత్త గోళ్ల రంగు. ఆ తర్వాత గ్లాసు మీద సాసరు మూసి, పది సెకన్లు తిప్పి, తీసి మళ్లీ వాసన చూడండి. ఇప్పుడు బరువైనవి వస్తాయి: చెక్క, గొడ్ల కొట్టం, తాండ్ర. ముక్కు అలసిపోతే మీ చొక్కా చేతిని వాసన చూడండి. అలవాటైన వాసన ముక్కును మొదటికి తెస్తుంది.

గొడ్ల కొట్టం అన్నామని బెదరొద్దు. బ్రెట్టనోమైసిస్ (పొట్టిగా బ్రెట్) అనే ఈస్ట్ చేసే పని అది. దీన్ని 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ లోకానికి పరిచయం చేశాడు. ఇది నెలల కొద్దీ నెమ్మదిగా పనిచేస్తూ ఎండుగడ్డి, తోలు, పశువుల వాసనలు ఇస్తుంది. ఒక్కోసారి అనాస వాసన కూడా ఇస్తుంది. చెర్రీ బీరులో అనాస తగిలితే ఎవరూ అనాస వేయలేదు, బ్రెట్ తయారుచేసిన ఎస్టర్లు అనే పండు వాసన పదార్థాలవి. మేకపోతు వాసన లేతగా ఉంటే కాప్రిలిక్ ఆమ్లం, పాత జున్ను వాసన ఉంటే లాంబిక్‌లో వాడే పాతబడిన హాప్స్.

గుక్క చిన్నది, ఒక టేబుల్ స్పూను అంత. మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోవద్దు, నోరు ఆ పులుపుకు సర్దుకోవడానికే అది సరిపోతుంది. రెండో గుక్క నోట్లో ఐదు సెకన్లు తిప్పి మింగి, నోరు మూసి, ముక్కు నుంచి నెమ్మదిగా ఊపిరి వదలండి. పండు నిజంగా ఉందో లేదో తెలిసేది ఈ ఊపిరిలోనే. అనుమానంగా ఉంటే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క మింగి, అప్పుడు వదిలి చూడండి. మూసుకున్నప్పుడు తెలిసింది పులుపు, తీపి, చేదు, వగరు. వదిలినప్పుడు తెలిసింది వాసన.

నిజమైన పండునూ ఎసెన్సునూ వేరుచేయడానికి ఇక్కడే అవకాశం. ఎసెన్సు కలిపిన బీరులో పండు వాసన గ్లాసు ఎత్తగానే ఒక్కసారిగా కొడుతుంది, మింగాక ఏమీ మిగలదు, కింద తొక్క వగరూ పండు పులుపూ ఉండవు. నిజం పండుదైతే ముక్కుకు కొంచెం తక్కువగా, మింగాక ఎక్కువగా తెలుస్తుంది.

వగరు గుక్క గుక్కకూ పేరుకుంటుంది. మధ్యలో గది వేడి ఉన్న మంచినీళ్లు, ఉప్పూ కారం లేని గుప్పెడు బొరుగులు, ఒక నిమిషం విరామం. ఇది పాటించకపోతే ఆఖరి బీరు అన్నిటికన్నా వగరని రాసేస్తారు, తప్పు బీరుది కాకపోయినా. వరుస కూడా ముఖ్యం: తేలికవి ముందు, వెనిగర్ ఛాయ ఉన్నవి వాటి తర్వాత, బర్బన్ పీపా స్టౌట్‌లు, తీపి కలిపినవి చివర. బలమైనవి ఉమ్మేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అనుభవమున్న రుచిపరులంతా అదే చేస్తారు. వాసన ఊపిరిలో ఎలాగూ తెలుస్తుంది.

ఒకే గ్లాసును మూడు వేడిమిల్లో రుచి చూడండి: చల్లగా 6–7 డిగ్రీల దగ్గర, 10 దగ్గర, 14 దగ్గర. రాసుకునే నోటు ఇలా చిన్నగా ఉంటే చాలు. ఒక క్రీక్‌కు మచ్చు:

'8 డిగ్రీలు. ముదురెరుపు, అంచున ఇటుక ఛాయ. గులాబీ నురగ, త్వరగా పోయింది. వాసనలో ముందు బాదం (టెంక), వెనక చెర్రీ తొక్క (పండు), లేతగా గొడ్ల కొట్టం (బ్రెట్). వెనిగర్ లేదు. నోట్లో పెరుగు తేట పులుపు, చివర నిమ్మ పదును. చిగుళ్ల మీద వగరు, మధ్యస్తం (తొక్క). తీపి లేదు. 12 దగ్గర అనాస (బ్రెట్). మింగాక బాదం మళ్లీ వచ్చి నిలిచింది. చెక్క వాసన లేదు: పాత పీపా.'

ప్రతి మాట పక్కన దాని పుట్టిల్లు రాయడమే ఇందులో అసలు సంగతి. పది నోట్లు ఇలా రాశాక, వాసన తగలగానే మూలం కూడా దానంతటదే తోస్తుంది.

చెడిపోయిందని ఎప్పుడు అనాలి

వెనిగర్ కొంచెం ఉంటే ఫ్లాండర్స్ తరహాలో అందం. మింగేటప్పుడు గొంతు మండి, దానితో పాటు గోళ్ల రంగు వాసన వస్తే ఇథైల్ ఎసిటేట్ ఎక్కువైందని అర్థం. పీపా ఖాళీ భాగంలో గాలి చేరి ఎసిటిక్ బ్యాక్టీరియా చెలరేగింది. గ్లాసులో పది నిమిషాలు ఉంచినా ఆ వాసన తగ్గకపోతే పక్కన పెట్టేయండి.

తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సిజన్ వల్ల పాతబడిన గుర్తు. ఎండలో తిరిగిన సీసాల్లో ఇది త్వరగా వస్తుంది. తడి గోనెసంచి, బూజు వాసనైతే కార్కు పాడైంది, పండు వాసన మొత్తం మూసుకుపోతుంది. కరిగిన వెన్న వాసన డైఎసిటైల్. పీపా బీరులో పీడియోకాకస్ బ్యాక్టీరియా దీన్ని చేస్తుంది, సమయం ఇస్తే బ్రెట్ దాన్ని తినేస్తుంది. కాబట్టి గట్టి వెన్న వాసన ఉంటే తొందరపడి సీసాలో నింపారని అనుకోవచ్చు. బీరు నూనెలా జారుతూ తీగ సాగితే అదీ పీడియోకాకస్ పనే, ప్రమాదం లేదు. అదే సీసా ఇంకొకటి ఉంటే కొన్ని నెలలు ఆగి తెరవండి, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

అన్నిటికన్నా మోసగించేది ఎలుక వాసన. గ్లాసులో దాని జాడ ఉండదు. మింగిన పది పదిహేను సెకన్ల తర్వాత, లాలాజలం కలిసి ఆమ్లత తగ్గాక, మక్కిన బియ్యపు పిండి, ఎలుకలు తిరిగిన బస్తా లాంటి రుచి గొంతు వెనక తేలుతుంది. కొందరికి ఇది అసలు తెలియదు. అందుకే నలుగురిలో ఒకరు 'ఏదో తేడాగా ఉంది' అంటే మిగిలిన ముగ్గురూ కొట్టిపారేయకూడదు.

పండు మాయమైపోవడం లోపం కాదు, ఆలస్యం. మామిడి వాసన త్వరగా సన్నగిల్లుతుంది, మామిడి బీరును దాచుకోకుండా ఆ ఏడాదే తాగేయడం మంచిది. చెర్రీ కొన్నేళ్లు తట్టుకుంటుంది.

పక్కన ఏం తినాలి

రుచి చూసేటప్పుడు బొరుగులు తప్ప ఏమీ వద్దు. ఆ పని ముగిసి తాగడానికి కూర్చున్నాక సంగతి వేరు. కారం ఎక్కువైతే గ్యాసూ ఆల్కహాలూ మంటను రెట్టింపు చేస్తాయి. కాబట్టి నాటుకోడి పులుసును మన మామూలు కారంలో సగం కారంతో చేసుకుంటే, తీపి లేని పుల్లటి బీరు కొవ్వును కడిగేసి బాగా కలుస్తుంది. ఉప్పు వేసి ఉడికించిన శెనక్కాయలు క్రీక్‌కు చక్కగా జతపడతాయి, ఉప్పు పులుపును మెత్తబరుస్తుంది. బర్బన్ పీపా స్టౌట్‌కు పాలకోవా, ఎండు కొబ్బరి, బెల్లం. తియ్యటి మిఠాయి పక్కన తీపి లేని పుల్లటి బీరు పెడితే వెనిగర్‌లా తోస్తుంది, ఆ జత మానేయండి. ఊరగాయ, నిమ్మకాయ పులిహోర కూడా వద్దు, పులుపు మీద పులుపు పడి రెండూ చెడతాయి.

ఈ బీర్ల పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3.2 నుంచి 3.5 వరకు దిగుతుంది, పళ్ల ఎనామెల్‌కు అది మంచిది కాదు. అయ్యాక నీళ్లతో పుక్కిలించండి, గంట వరకు పళ్లు తోమొద్దు. బండి తాళాలు ఆ సాయంత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

సీసాలో మిగిలితే కార్కు తిరగేసి బిగించకుండా, శుభ్రమైన చిన్న సీసాలోకి మెడదాకా నింపి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మరుసటి రోజు అందులోంచి 60 మి.లీ. పోసుకుని ముందురోజు నోటు పక్కన పెట్టుకుని చూడండి. గ్యాసు తగ్గుతుంది, పండు కొంచెం వెనక్కి వెళుతుంది, చెక్క ఉంటే ముందుకొస్తుంది. ఎలుక వాసన దాక్కుని ఉంటే గాలి తగిలాక ఈ రెండో రోజే ఎక్కువగా బయటపడుతుంది.